బంగారు తీగతో జాగ్రత్త

చేలో మినుము మొక్కల మీద పసుపు రంగు దారాలు చుట్టుకొని కనిపిస్తాయి. ఎవరో నూలు పోగులు చల్లినట్టు ఉంటుంది. దీన్నే బంగారు తీగ అంటారు. కొన్ని చోట్ల సీతమ్మ పోగునూలు అని కూడా అంటారు. పేరు అందంగా ఉంది. తీగ కూడా అందంగానే ఉంటుంది. కాని ఇది పంటను పీల్చేసే కలుపు.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ తీగకు ఆకులు ఉండవు. మొదలు కోసం వెతికితే నేలలో వేరు కూడా దొరకదు. పసుపు రంగులోనో, నారింజ రంగులోనో దారంలా ఉంటుంది. మినుము, పెసర, ఉల్లి చేలల్లో పాకే తీగ సన్నగా ఉంటుంది. కంచెల మీద, చెట్ల మీద పాకే రకం కొంచెం లావుగా ఉంటుంది. పెరట్లో తులసి మీదికీ, కాగితం పూల చెట్టు మీదికీ ఎక్కుతుంది. పూలు చిన్నవి. తెల్లగా, గుత్తులుగా పూస్తాయి.

ఎలా బతుకుతుంది?

మామూలు మొక్క వేళ్ళతో నీరు తాగుతుంది. ఆకులతో ఆహారం తయారు చేసుకుంటుంది. బంగారు తీగ అలా కాదు. విత్తనం మొలవగానే దారం లాంటి మొలక పైకి లేస్తుంది. ఆసరా కోసం అటూ ఇటూ తిరుగుతుంది. పక్క మొక్క అందితే చుట్టుకుంటుంది. చుట్టుకున్న చోట చిన్న బుడిపెలు వస్తాయి. అవి ఆ మొక్క కాండంలోకి దిగి నీరు, ఆహారం లాగేస్తాయి. అప్పుడు తీగ మొదలు ఎండిపోతుంది. ఇక దానికి నేలతో పని లేదు.

తీగ పట్టిన మొక్క పాలిపోతుంది. పూత, కాయ తగ్గిపోతాయి. తీగ పక్క మొక్కకు పాకుతుంది.

మొలకకు ఆసరా దొరక్కపోతే సుమారు 10 రోజుల్లో చచ్చిపోతుంది.

చేలోకి ఎలా వస్తుంది?

ఒక్క తీగ వేల విత్తనాలు ఇస్తుంది. అవి చాలా చిన్నవి. వాటి పైపొర గట్టిది. అందుకే నేలలో 10 ఏళ్ళకు పైగా చావకుండా ఉండగలవు. పంట నూర్చినప్పుడు మినుముల్లో కలుస్తాయి. పశువులు తింటే పేడలో బయటికి వస్తాయి. ఆ ఎరువు వేసిన చేలో మళ్ళీ మొలుస్తాయి.

ఏం చేయాలి?

1. విత్తే ముందు మినుములు జల్లెడ పట్టాలి. తీగ గింజలు కిందికి రాలతాయి. వాటిని దిబ్బలో పోయవద్దు. పొయ్యిలో వేయాలి.

2. పంట మొలిచిన రెండో వారం నుంచి చేనంతా తిరిగి చూడాలి. గట్ల మీద కలుపు మొక్కలనూ చూడాలి.

3. తీగ పూత పట్టక ముందే పీకాలి. తీగను మాత్రమే లాగితే చాలదు. ముక్క మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. అందుకే పట్టిన మొక్కతో సహా పీకాలి. "కాపుకొచ్చే మొక్కను ఎలా పీకేది వదినా?" అనిపిస్తుంది. కాని 10 మొక్కలు పోతే చేను మిగులుతుంది.

4. కంచె మీదో, చెట్టు మీదో ఉంటే, తీగ పట్టిన చోటుకు జానెడు కిందికి కొమ్మను నరకాలి.

5. పీకిన తీగను గట్టు మీద పడేయవద్దు. పచ్చి మొక్క తగిలితే మళ్ళీ అల్లుకుంటుంది. పశువులకు వేయవద్దు. గోనె సంచిలో వేసి తీసుకుపోవాలి. ఎండబెట్టి, గడ్డివాముకు దూరంగా కాల్చాలి.

6. తీగ బాగా పట్టిన చేలో మరుసటి ఏడు వరి కోశాక మినుము వేయవద్దు. జొన్నో, మొక్కజొన్నో వేయాలి. వాటి మీద ఈ తీగ బతకదు. కలుపు మాత్రం తీస్తూ ఉండాలి. లేకపోతే కలుపు మొక్కల మీద బతుకుతుంది.

తీగను చంపే మందు పంటను కూడా మాడ్చవచ్చు. మండల వ్యవసాయ అధికారిని అడగకుండా ఏ మందూ చల్లవద్దు.

కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. తీగను ముందుగా చూసేదీ వాళ్ళే. కూలికి వెళ్ళిన చేలో కనిపించినా ఆసామికి చెప్పాలి. ఈ తీగ గట్టు చూసి ఆగదు. ఒకరు వదిలేస్తే నలుగురి చేలు పాడవుతాయి.

చర్చించండి

మీ ఊళ్ళో ఈ తీగను ఏమని పిలుస్తారు? ఏ చేలో, ఏ కంచె మీద ఉంది? అందరూ కలిసి ఏ రోజున పీకుదాం?