బస్సు క్లాసులో లేని బ్రేకు ఎక్కడ దొరికింది?

మీరు తయారుచేసే కంప్యూటర్ ఆటలో బస్సు, లారీ, ఆటో ఉన్నాయనుకోండి. మూడూ కదలాలి, ఆగాలి, హారన్ కొట్టాలి. అదే కోడ్ మూడుసార్లు రాస్తే, బ్రేకులో తప్పు దొరికిన రోజున మూడు చోట్లా దిద్దాలి. ఒకటి మరిచిపోయారో, ఆటో ఆగదు!

అందుకే ‘వాహనం’ అనే క్లాసు, అంటే ఒక రకం వస్తువులు చేసే పనుల కోడ్ ఉండే అచ్చు, ఒకటి రాసి, మిగతావి దాని పిల్ల క్లాసులని చెబుతాం. ఇదే ఇన్‌హెరిటెన్స్. నార్వేలో ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషతో మొదలైంది. వాళ్లిద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు దక్కింది.

మరి ఎలా పనిచేస్తుంది? పైథాన్ భాషనే చూద్దాం. బస్సుతో ‘ఆగు’ అంటే, పైథాన్ ఆ పని కోసం ముందు బస్సు క్లాసులో వెతుకుతుంది. లేకపోతే వాహనం క్లాసుకు వెళ్తుంది. ఎక్కడా దొరక్కపోతే ఎర్రర్. అంటే కోడ్ ఏదీ బస్సులోకి కాపీ కాలేదు, వెతికే దారి మాత్రమే ఏర్పడింది. ఆటో హారన్ వేరేలా మోగాలా? ఆటో క్లాసులో ‘హారన్’ మళ్లీ రాయండి. వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. దీన్ని ఓవర్‌రైడింగ్ అంటారు.

సౌకర్యంగా ఉంది కదా అని ఇన్‌హెరిటెన్స్‌ను అన్నిటికీ వాడేస్తారు కొందరు. బస్సు ఒక వాహనమే, కానీ బస్సు ఒక ఇంజను కాదు. బస్సులో ఇంజను ఉంటుంది, అంతే. కాబట్టి ఇంజను క్లాసు నుంచి బస్సును పుట్టించకండి. బస్సు లోపల ఇంజనును ఒక భాగంగా పెట్టండి.