పట్టు పట్టేవాడి తల

2015 మార్చిలో క్రిస్ బోర్లాండ్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆట మానేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీ నైనర్స్ జట్టులో అతను లైన్‌బ్యాకర్. ఆడింది ఒక్క సీజనే, ఆ ఒక్కదాంట్లోనే మంచి పేరు తెచ్చుకున్నాడు. జట్టు పొమ్మనలేదు. ముందుముందు తన మెదడుకు ఏమవుతుందోనని తానే తప్పుకున్నాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ మనవైపు కనబడదు గానీ, లైన్‌బ్యాకర్ పనేమిటో అనంతపురం పల్లెల్లో చెడుగుడు ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు వరుసలో భారీకాయులు తోసుకుంటుంటే వాళ్ల వెనక నిలబడి, బంతి ఎటు రాబోతోందో పసిగట్టి, దూసుకెళ్లి మనిషిని పడగొట్టాలి. మన ఆటలోనూ కూతకొచ్చినవాడి నడుమునే చూడాలి. చేతులు, భుజాలు, కళ్లు ఎన్ని మాయలైనా చేస్తాయి; ఒంటి బరువు మోసే నడుము అంత తేలిగ్గా మోసం చేయలేదు.

తేడా అల్లా వేగంలో ఉంది. బరువు రెట్టింపైతే గతిశక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలవుతుంది. 110 కిలోల లైన్‌బ్యాకర్ సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం: దాదాపు 2,700 జౌళ్లు. 75 కిలోల చెడుగుడు ఆటగాడు 4 మీటర్ల వేగంతో వస్తే 600 జౌళ్లు. పురుషుల కబడ్డీ కోర్టు పొడవే 13 మీటర్లు, అందులో సగంలోనే పరుగంతా. వేగం పుంజుకోవడానికి చోటేదీ?

ఆ శక్తంతా లిప్తపాటులో ఆగినప్పుడు దెబ్బ తినేది మెదడు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, పుర్రె లోపల మెదడు కదలకుండా ఆపలేదు. అందులోనూ తల గిరుక్కున తిరిగే దెబ్బ మరీ చెడ్డది. పెరుగుకుండను ఒక్కసారి విసురుగా తిప్పి చూడండి: కుండ తిరిగినంత వేగంగా లోపలి పెరుగు తిరగదు, గట్టి పెరుగు చీలికలవుతుంది. మెదడులో అలా సాగి దెబ్బతినేవి నాడీతంతువులు. వాటి అమరికను పట్టి ఉంచే టావ్ అనే ప్రోటీన్ విడిపోయి ముద్దకడుతుంది. ఏళ్ల తరబడి ఇది సాగితే మెదడు మడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ ఆ ముద్దలు పేరుకుంటాయి. దీన్నే సీటీఈ అంటారు. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే అక్కర్లేదు. ఆడినవాడు లెక్కచేయని చిన్న దెబ్బలు వేలకొద్దీ పడినా చాలు.

జూనియర్ సియావ్ 20 సీజన్లు ఆడిన మహా లైన్‌బ్యాకర్. 2012లో, 43 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడాది అతని మెదడులో సీటీఈ ఉన్నట్టు తేలింది. 2017లో బోస్టన్ పరిశోధకులు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ మాజీ ఆటగాళ్ల 111 మెదళ్లను పరీక్షిస్తే 110లో అది కనబడింది. అయితే ఆటగాళ్లందరిలోనూ ఇదే నిష్పత్తి అనుకోకూడదు. ఏదో తేడా గమనించిన కుటుంబాలే ఎక్కువగా మెదళ్లను దానమిచ్చాయి.

మరి మన పిల్లల మాటేమిటి? నాకు భయమంతా నేల గురించే. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ పీకేశాక ఎర్రనేల ఎండి గట్టిగా బిగుసుకుపోతుంది, బడి మైదానమూ అంతే. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిన అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో ఉన్న పచ్చిక అన్ని ఊళ్లకూ ఎక్కణ్ణుంచి వస్తుంది? తల నేలకు తగిలినప్పుడు నేల ఎంత లోతుకు దిగబడుతుందన్నదే అసలు లెక్క. ఒక సెంటీమీటరు దిగే చోట మూడు సెంటీమీటర్లు దిగితే సగటున తలపై పడే బలం మూడో వంతుకు తగ్గుతుంది. అంటే ఆటకు ముందు కోర్టును గుద్దలితో తవ్వి, రాళ్లేరి, ఇసుక పరిస్తే చాలు, పెద్ద ఖర్చు లేకుండానే ఎంతో రక్షణ.

రెండోది పట్టు. మూలన నిలబడ్డవాడు చీలమండ కోసం వంగినప్పుడు అతని కణత సరిగ్గా కూతగాడి మోకాలి ఎత్తుకు వస్తుంది. గడ్డం పైకెత్తి, తల అవతలివాడి కాలికి ముందు కాకుండా పక్కకు, వెనక్కి ఉంచి, భుజం ఆనించమని మొదటి రోజే నేర్పాలి. 2014లో సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ కారల్ రగ్బీ నుంచి తెచ్చి తనవాళ్లకు నేర్పినదీ ఇలాంటిదే: తల పక్కకు, భుజం ముందుకు.

దెబ్బ తగిలిన పిల్లవాడు తూలినా, స్కోరు మరిచినా, వాంతి చేసుకున్నా ఆ రోజుకు అతని ఆట అయిపోయినట్టే. మగత కమ్మినా, తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండోది పడితే అది చిన్నదైనా ప్రాణం మీదికి రావచ్చు.