పళ్లు లేని బకిల్ పట్టు

కెమెరా స్ట్రాప్‌కు రెండు కొసల్లోనూ ఉండే చిన్న ప్లాస్టిక్ బకిల్‌ను చూపించి మా తరగతిలో ఓ అమ్మాయి అడిగింది: "సార్, దీనికి పళ్లు లేవు, ముల్లు లేదు. మరి పట్టీ ఎందుకు జారదు?" లెన్సుల గురించి పేజీలకు పేజీలు రాసే పుస్తకాలు దీన్ని పట్టించుకోవు. నాకు మాత్రం కెమెరా సామానంతటిలోనూ ఎక్కువ ముచ్చటగొలిపే యంత్రం ఇదే.

జవాబు గోదావరి రేవులో ఉంది. పడవ తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి, కొసను ఒంటి చేత్తో పట్టుకున్న మనిషి అంత పడవనూ నిలిపేస్తాడు. తాడు కాస్త వంపు తిరిగిన చోటల్లా ఘర్షణ లాగుడులో కొంత భాగాన్ని మింగేస్తుంది. మిగిలినదాంట్లోంచి ఆ పక్క వంపు మళ్లీ అదే నిష్పత్తిలో మింగుతుంది. అందుకే లాగుడు తీసివేతలా కాదు, భాగహారంలా తగ్గుతుంది. 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకు లాగుడు ఆరున్నర రెట్లు తగ్గుతుంది, రెండు చుట్లకు ఏకంగా 43 రెట్లు! ఇంకో విశేషం, గుంజ లావా సన్నమా అన్నది ఆ సూత్రంలోకే రాదు. తాడు ఎంత కోణం చుట్టుకుందన్నదే లెక్క. కాబట్టి బకిల్ నడుమ ఉన్న సన్నని కడ్డీ కూడా గుంజ చేసే పనే చేస్తుంది.

నైలాన్ పట్టీ ఆ కడ్డీ మీదుగా వంగి కిందికి దిగుతుంది. కెమెరా కొక్కెంలోంచి తిరిగొచ్చి మళ్లీ ఆ కడ్డీనే చుట్టుకుంటుంది. కొసను లోపలి వైపుకు దోపితే, బరువు మోస్తున్న పట్టీ దాన్ని కడ్డీకేసి అదుముతుంది. కెమెరా ఎంత బరువైతే అదుము అంత గట్టి. జార్చాలని చూసే బరువే జారకుండా కాస్తుంది! కొసను బయటికి వదిలేస్తే ఆ అదుము తగ్గిపోతుంది, ఊగుడుకు పట్టీ మెల్లమెల్లగా సడలొచ్చు.

1925 నాటి మొదటి లైకా కెమెరాకు స్ట్రాప్ కొక్కేలే లేవు, 1933లో లైకా 3తో వచ్చాయి. తర్వాత తోలు పట్టీ పోయి నైలాన్ వచ్చింది, దాని వెనకే సాగే నియోప్రీన్, భుజానికి అడ్డంగా వేసుకునే స్లింగ్.

నియోప్రీన్ మెడకు హాయి అంటారు. నేను ఒప్పుకోను. మెడకు హాయినిచ్చేది వెడల్పు. రెండున్నర కిలోల కెమెరా, లెన్సు కలిసి మెడ మీద 25 న్యూటన్ల బలం మోపుతాయి. పట్టీ వెడల్పు రెట్టింపయితే ఒత్తిడి సగమవుతుంది. సాగుడు వేరే సంగతి. బరువుకు పట్టీ 6 సెంటీమీటర్లు సాగిందంటే కెమెరా స్ప్రింగుకు కట్టిన గుండులా సెకనుకు రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. మన నడకా సెకనుకు ఇంచుమించు రెండడుగులే! రెండు లయలూ కలిస్తే ఊగుడు పెరుగుతుంది. పాఠాల్లో చెప్పే ఆ అనునాదం మన రొమ్ము మీదే జరుగుతుంది.

స్లింగ్ మెడకు మేలు. కానీ కొన్ని స్లింగులు కెమెరాకు ట్రైపాడ్ బిగించే మర దగ్గరే తగులుకుంటాయి. కెమెరా తిరిగినప్పుడల్లా ఆ మర వదులు కాగలదు. తెల్లవార్లూ పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు రెండు కెమెరాల బరువును రెండు భుజాలకూ పంచే హార్నెస్ వేసుకోవడమే మంచిది. మిగిలినవాళ్లకు సాగని, వెడల్పైన, కెమెరా కొక్కేలకే తగిలే పట్టీ చాలు.

ఏది కొన్నా కొసను లోపలికి దోపి, రెండంగుళాలు మిగలనిచ్చి, కెమెరా తగిలించే ముందు రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి.