దివిసీమ రక్షణస్థానములు, రక్షకులు: చరిత్ర సంరక్షణము

ఓడలు పగిలి సముద్రమున మునుగువారిని కాపాడుటకై ఇంగ్లండు దేశమున 1824వ సంవత్సరమున ఒక జాతీయసంస్థ యేర్పడినది. రేవులందు పడవలు, వానిని నడపు స్వచ్ఛందసేవకులు, పడవ వెడలిన వేళయు కాపాడబడినవారి సంఖ్యయు వ్రాసియుంచు పుస్తకములు ఆ సంస్థకు అంగములైనవి. కావున అచటి రక్షణస్థానముల చరిత్రను వ్రాయబూనువానికి ఆధారములు చేతికందుచున్నవి. కృష్ణానది సముద్రమున కలియు మన తీరమునకు అట్టి పుస్తకపరంపర లేదు. అంతమాత్రమున ఇచట రక్షణమే లేదని తలచుట పొరపాటు. రక్షణస్థానము ఇచట వేరు రూపమున నున్నది. దానిని గుర్తించు విధమును, దాని చరిత్రను నిలుపు మార్గమును ఈ వ్యాసమున విచారింతును.

మొదట పూర్వపు సంప్రదాయమును చూడవలెను. రేవుకట్టలు లేని కాలమున కోరమండల తీరమందు ఓడలు దూరముననే లంగరు వేసెడివి. పలకలను నారత్రాళ్ళతో కుట్టిన పడవలు అలలను దాటించి మనుష్యులను, సరుకులను ఒడ్డునకు చేర్చెడివి. పాశ్చాత్యులు వానిని మసూలా పడవలనిరి. ఆ పేరు మసూలీపట్టణమునుండి వచ్చినదని కొందరందురు కాని అది నిశ్చితము కాదు. మదరాసు రేవున ఇట్టి పడవల వెంట కట్టుమరములు నడచెడివి. పడవ తిరుగబడినచో నీట పడినవారిని ఎత్తుకొనుట కట్టుమరమువారి పని. వీరి నేర్పును యాత్రికులు తమ గ్రంథములందు మెచ్చుకొనిరి. అయినను ఆ గ్రంథములలో వీరు సామాన్యముగా ఒక జనముగానే కనబడుదురు, వ్యక్తులుగా కనబడరు. పని మిగిలి పేరు పోవుట మన తీరమున అప్పుడే మొదలైనది.

కృష్ణాతీరమున రెండు ఉప్పెనలు ప్రధానములు. 1864 నవంబరు 1వ తేదీని వచ్చిన బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ, శనివారమున, దివిసీమను ముంచిన ఉప్పెన రెండవది. సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి ఊళ్ళపై బడినది. ప్రభుత్వపు లెక్కలే మృతులు పదివేలకు మించిరని చెప్పుచున్నవి. అనధికారముగా చెప్పబడు సంఖ్య అంతకు ఎన్నియో రెట్లు. రెండును కార్తికమాసముననే వచ్చినవి. మొదటిది అమావాస్య గడచిన వెంటనే, సముద్రపు పోటు సహజముగానే హెచ్చుగా నుండు దినములలో వచ్చినది. రెండవదో, అష్టమీ నవముల ప్రాంతమున, పోటు తక్కువగా నుండు వేళ వచ్చినది. ఉప్పెనకు ప్రధానకారణము గాలియే కాని చంద్రుడు కాడని దీనివలన తెలియును. ‘‘అమావాస్య కాదు గనుక భయము లేదు’’ అను తీర్పు ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇక రక్షణస్థానమనగా ఏది? ఉప్పెన వచ్చినపుడు పడవ వెడలుట అసాధ్యము. మనుష్యుడు ఎత్తున కెక్కుటయే రక్షణము. ఇసుకదిబ్బ, దేవాలయము, బడి, మిద్దెయిల్లు, తుదకు తాటిచెట్టు సయితము 1977లో రక్షణస్థానములైనవి. పిమ్మట ప్రభుత్వమును, సేవాసంస్థలును ఎత్తైన స్తంభములపై కాంక్రీటుతో తుఫాను రక్షితభవనములను కట్టించినవి. వానిలో పెక్కింటిని సామాన్యదినములలో బడులుగా వాడిరి. 1990 మే 9వ తేదీని కృష్ణాముఖమునకు చేరువనే తీరమును దాటిన పెనుతుఫానులో మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. ముందుగా హెచ్చరించుట, జనులను తరలించుట, ఆశ్రయము కల్పించుట అను మూడును ఇందుకు తోడ్పడినవి.

హెచ్చరికకు ప్రత్యేకచరిత్ర కలదు. 1864 అక్టోబరున కలకత్తాను తుఫాను ధ్వంసము చేయగా, మరుసటి యేట ఆ రేవునకు హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణశాఖ నెలకొన్నది. రేవులందు ఎగురవేయు సంకేతములు పదునొకటి. వానిలో పదవది మహాప్రమాదమును తెలుపును. పదునొకండవది హెచ్చరికలు పంపు కేంద్రముతో సంబంధము తెగిపోయినదని మాత్రమే తెలుపును; అనగా అటుపై తీరవాసి తన తెలివినే నమ్ముకొనవలెను. రక్షకుని పాత్ర మొదలగునది అచటనే.

ఆ రక్షకులెవరు? అవనిగడ్డకు చెందిన ప్రజానాయకులు మండలి వెంకటకృష్ణారావుగారు 1975లో హైదరాబాదున జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలకు ప్రధాన నిర్వాహకులు. రెండేండ్లకే దివిసీమ పునర్నిర్మాణమునకు పూనుకొనిరి. ఇట్టివారి సేవ గ్రంథస్థమగుట సులభము. కాని పొరుగువాని బిడ్డను భుజముపై మోసినవానికి, తన మిద్దె తలుపులు తెరచినవానికి, శవములను గుర్తించి దహనము చేసినవానికి చరిత్ర కావలెను. అవనిగడ్డ చెంత ఉప్పెన స్మారకము కలదు. అది మృతులను తలపించును. రక్షించినవారిని తలపించుట పరిశోధకుల వంతు.

ఈ ప్రాంతమువారికి ఇది క్రొత్త విద్య కాదు. సిద్ధేంద్రయోగి నది దాటుచు వరదలో చిక్కి, ఆపత్సన్న్యాసము స్వీకరించి ప్రాణములు దక్కించుకొనెనని కూచిపూడి సంప్రదాయము చెప్పుచున్నది. చారిత్రకముగా దాని విలువ యెట్లున్నను, ఒక ప్రాణరక్షణకథ కొన్ని శతాబ్దములు నిలిచినది. అది తరతరములు చెప్పుకొనుటవలన నిలిచినది.

కావున చేయవలసిన పనులు మూడు. మొదటిది, సాక్షుల మాటలను వారి మాండలికముననే సేకరించుట. గాలివాన, వాయుగుండము, తుఫాను, ఉప్పెన అను పదములను వారు ఏయే భేదముతో వాడుదురో గుర్తింపవలెను; గ్రాంథికముగా సంస్కరించినచో సాక్ష్యము చెడును. తాతల నోట విన్న బందరు ఉప్పెనను, తాము కన్న దివిసీమ ఉప్పెనను వేరుపరుపవలెను. మాసమొక్కటే యగుటచే ‘‘కార్తికము’’ అను గుర్తు చాలదు. రెండవది, ఒక్కొక్క ఊర ఎవరు ఎచట నిలిచి బ్రతికిరో పటమున గుర్తించుట. మూడవది, పాత రక్షితభవనముల కొలతలను, శిలాఫలకములను, ఛాయాచిత్రములను భద్రపరచుట. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము త్రుప్పుపట్టును; భవనము కూలినచో ఫలకము కూడ పోవును.

1977లో పదేండ్ల బాలుడు నేడు షష్టిపూర్తి ప్రాయమువాడు. ఆనాటికే గృహస్థులైనవారు అరుదగుచున్నారు. భవనమును మరల కట్టవచ్చును. సాక్షి పోయిన పిదప అతడు కాపాడినవాని పేరును, అతనిని కాపాడినవాని పేరును అడిగి తెలిసికొనుటకు చోటుండదు. దివిసీమకు చేరువనున్న కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థులను ఈ సెలవులలోనే ఆ ఊళ్ళకు పంపుట మంచిది.