జెండా దూరమా, మన దెబ్బ దూరమా?

గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు క్లబ్బులు, బూట్లు, గ్లౌజు కొన్నాక ఇక ఆలోచించేది దూరం కొలిచే పరికరం గురించే. హైటెక్ సిటీ చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు ఈ ఆలోచన కాస్త ముందే వస్తుంది. పీటర్ హరాడైన్ రూపకల్పన చేసిన బౌల్డర్ హిల్స్ 18 హోళ్ల మైదానం గచ్చిబౌలిలోనే ఉంది. గోల్కొండ కోట నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వాళ్ల మైదానమూ అంత దూరమేం కాదు. పైగా రెండు వస్తువుల స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చడం ఇక్కడివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. చిక్కంతా అక్కడే వస్తోంది. లేజర్‌లో తేడా గజం, జీపీఎస్ వాచీలో నాలుగైదు గజాలు అని చదవగానే ఎవరైనా లేజర్ వైపే మొగ్గుతారు. పరికరం ఎంత కచ్చితంగా కొలుస్తుందన్నది ఇక్కడ చిన్న ప్రశ్న, మన చేయి ఎంత కచ్చితంగా కొడుతుందన్నది పెద్ద ప్రశ్న. రెండోదానికి జవాబు తెలిశాకే కొనుగోలు మాట.

లేజర్ రేంజ్‌ఫైండర్ అంటే ఒక కంటితో చూసే చిన్న దుర్భిణి. జెండా కర్ర మీద గురిపెట్టి మీట నొక్కితే కంటికి కనిపించని పరారుణ కాంతి వెళ్లి, కర్రకు తగిలి, వెనక్కి వస్తుంది. ఆ రానుపోను సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. 150 గజాలు పోయి రావడానికి కాంతికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. ఒక్క గజం తేడా పసిగట్టాలంటే లోపలి గడియారం ఆరు నానోసెకన్ల తేడాను గుర్తుపట్టాలి. ఇంత పని చేసే యంత్రం జేబులో ఇమిడిపోవడం ముచ్చటైన సంగతే, కాదనలేం. జీపీఎస్ దారి వేరు. వాచీ అయినా, ఫోనులోని యాప్ అయినా, భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలతో మనం ఎక్కడున్నామో ముందు తెలుసుకుంటుంది. తన దగ్గర ముందే ఉన్న మైదానం పటంతో దాన్ని సరిపోల్చి గ్రీన్ ముందు అంచు, మధ్య, వెనక అంచు ఎంతెంత దూరమో మూడు అంకెలు చూపిస్తుంది. ఆ రోజు జెండా ఎక్కడ పాతారో మాత్రం దానికి తెలియదు.

జీపీఎస్ అనగానే రాయదుర్గం వైపు క్యాబ్ కోసం నిలబడినవాళ్లకు అపనమ్మకం కలుగుతుంది. అద్దాల టవర్ల మధ్య ఫోనులో చుక్క ఒక వీధి నుంచి పక్క వీధికి గెంతుతుంటుంది కదా, అదే చిప్‌ను మైదానంలో ఎలా నమ్మేదంటారు. అక్కడ సంకేతం గోడలకు తగిలి చుట్టు తిరిగి రావడం వల్ల లెక్క తప్పుతుంది. ఫెయిర్‌వే మీద తల పైన ఆకాశం తెరిచే ఉంటుంది కాబట్టి ఆ బాధ చాలావరకు ఉండదు, మామూలు ఫోనుకు కూడా తేడా అయిదు మీటర్లకు అటూ ఇటూ ఆగుతుంది. అమెరికా ప్రభుత్వం పౌరుల సంకేతంలో కావాలని కలిపిన లోపాన్ని 2000 మే నెలలో తీసేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా పొరపాటు వచ్చేది, దాన్ని పట్టుకుని గోల్ఫ్ ఆడటం కుదిరే పనే కాదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అమెరికా పీజీఏ టూర్ తన ఆటగాళ్ల ప్రతి దెబ్బనూ కొలుస్తుంది. 150 నుంచి 175 గజాల దూరం నుంచి వాళ్లు కొట్టిన బంతి సగటున జెండాకు 28 అడుగుల దరిదాపుల్లో ఆగుతుంది, అంటే తొమ్మిది గజాల పైమాట. ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడేవాళ్లు, పక్కన జీతం ఇచ్చి పెట్టుకున్న కేడీ గజం తేడా లేకుండా దూరం చెప్పాక కొట్టిన దెబ్బలివి. వారాంతంలో ఆడే మనిషి సెవెన్ ఐరన్‌తో ఒక బంతిని శుభ్రంగా కొట్టి, తర్వాతి బంతికి ముందు నేలను తవ్వాడంటే ఆ రెండింటి మధ్యే ఇరవై ముప్పై గజాలు తేలిగ్గా వస్తుంది. అటువంటి చేతికి 152 అని చెప్పినా 148 అని చెప్పినా బంతి పడే చోటు మారదు. ఇంకో పొరపాటు కూడా ఉంది. నీ సెవెన్ ఐరన్ ఎంత పోతుందని అడిగితే చాలామంది చెప్పేది ఎప్పుడో కుదిరిన గొప్ప దెబ్బ సంగతి. సర్వర్ ఎంత వేగంగా స్పందిస్తోందో చూసేవాళ్లు వచ్చిన వాటిలో మేటి అంకెను చూసి మురిసిపోరు, మధ్యస్థ విలువ చూస్తారు. క్లబ్బుకూ అంతే. ఒక్కో క్లబ్బుతో పదేసి బంతులు కొట్టి, గాల్లో పోయిన దూరాన్ని వరసలో పెట్టి, మధ్యది రాసుకోవాలి. ఆ చీటీ లేనివాడికి జెండా దూరం తెలిసినా ఏ క్లబ్బు తీయాలో తెలియదు.

దీనికి గట్టి ఎదురువాదమే ఉంది. గ్రీన్ ముందు అంచు నుంచి వెనక అంచుకు సాధారణంగా 25 నుంచి 35 గజాలు ఉంటుంది. జెండా వెనక మూలన ఉంటే, మధ్య దూరం చూసి కొట్టినవాడు పన్నెండు పదిహేను గజాలు తక్కువ కొట్టినట్టే, అంటే ఒక క్లబ్బు పైన తేడా. జీపీఎస్ సాంకేతిక లోపం కన్నా ఇది చాలా పెద్దది. నిజమే, బంతిని అనుకున్న చోట దింపగలిగినవాళ్లకు ఇందులో లేజర్‌కు తిరుగులేదు. మిగతావాళ్లకు జెండా అంకె సాయం చేసే దానికన్నా ఆశ పెట్టేదే ఎక్కువ. జెండా 141 అని తెలిశాక 141కే కొట్టాలనిపిస్తుంది. దాని ముందు బంకర్ ఉందని, తన దెబ్బల్లో సగం తక్కువే పడతాయని మనసుకు తట్టదు. కొత్త ఆటగాళ్ల బంతులు గ్రీన్ దాటి పోవడం అరుదు, ముందే ఆగిపోవడం మామూలు. అటువంటివాళ్లకు పనికొచ్చేది వెనక అంచు అంకె: ముందు 128, మధ్య 142, వెనక 157 అని మూడూ కళ్ల ముందుంటే 145కు కొట్టడానికి జంకు ఉండదు, కాస్త తగ్గినా బంతి గ్రీన్ మీదే ఉంటుంది.

హైదరాబాద్ నేల కూడా ఈ ఎంపికలో కొంత తలదూరుస్తుంది. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, బౌల్డర్ హిల్స్‌కు ఆ పేరు పెట్టింది ఆ గుండ్లను చూసే. జెండా వెనకాల రాయో గట్టో ఉంటే, చేయి కాస్త వణికినా లేజర్ కిరణం సన్నటి కర్రను తప్పించుకుని వెనకదానికి తగులుతుంది. 150 రావలసిన చోట 163 వస్తుంది. మంచి పరికరాల్లో దగ్గరి వస్తువుకే పెద్దపీట వేసే ఏర్పాటు ఉంటుంది, అది లేనిది కొనకపోవడం మేలు. మలుపు అవతల ఉన్న గ్రీన్ లేజర్‌కు కనిపించనే కనిపించదు, వాచీకి ఆ అడ్డు లేదు. అదే ముందు కనిపిస్తున్న బంకర్ అంచు ఎంత దూరమో గురిపెట్టగానే లేజర్ చెప్పేస్తుంది. ఎత్తుపల్లాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 150 గజాల దూరంలోని గ్రీన్ మనకన్నా 20 అడుగుల ఎత్తున ఉందనుకుందాం. వాలుగా కొలిస్తే పెరిగేది అర అడుగే. అయినా ఆ దెబ్బ 157 గజాల దెబ్బ. ఐరన్‌తో కొట్టిన బంతి దాదాపు 45 డిగ్రీల కోణంలో దిగుతుంది కాబట్టి నేల ఒక గజం పైకి లేస్తే బంతి సుమారు ఒక గజం ముందే ఆగుతుంది. పరికరాల్లో స్లోప్ అని రాసి ఉండేది ఈ లెక్కే. దెబ్బ ఎక్కువ తక్కువలను ఏడు గజాలు మారుస్తుంది గనక నేర్చుకునే రోజుల్లో గజం కచ్చితత్వం కన్నా ఇది విలువైనది.

మన దేశంలో కేడీ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఒకే మైదానంలో నడిచిన కేడీకి 150 గజాల గుర్తు నుంచి జెండా ఎంతో అంచనా ఉంటుంది, గాలి ఎటు తిరుగుతుందో, గ్రీన్ ఏ పక్కకు వాలి ఉందో కూడా తెలుస్తుంది. ఈ చివరి రెండూ ఏ లేజరూ చెప్పదు. కాబట్టి పరికరం కేడీకి బదులు కాదు, అతనికి మిగిలే పని ఇంకా మెరుగైనది. ఫోను యాప్‌తో నాకున్న పేచీ వేరే: దూరం చూద్దామని తీసిన ఫోనులో ఆఫీసు మెసేజ్ కనిపిస్తే మూడు హోళ్లు పాడైనట్టే. మైదానంలో ఉన్నంతసేపు నోటిఫికేషన్లు ఆపుకోగలిగితే యాప్ చాలు.

అందువల్ల కొత్తగా ఆడేవాళ్లు ముందు ఉచిత యాప్‌తోనే ఒక సీజన్ గడపడం నయం. 18బర్డీస్, హోల్19 వంటివి గ్రీన్ దూరాలు చూపిస్తాయి. కొట్టిన దెబ్బ పొడవును రాసిపెట్టే సదుపాయం ఉన్న యాప్ అయితే ఏ క్లబ్బుకు ఎంత దూరమో చెప్పే ఆ చీటీ దానంతటదే తయారవుతుంది. తర్వాత ఫోను తీయడం విసుగనిపిస్తే వాచీ. మధ్యస్థ అంకె చుట్టూ పది గజాల లోపలే బంతులు పడటం మొదలయ్యాక లేజర్. మంచి లేజర్ ధర అర లక్ష కూడా దాటుతుంది, తొందరపడి కొనేంత చిన్న మొత్తం కాదది. కొనేముందు తమ మైదానంలోనే పరీక్షించుకోవాలి: 150 గుర్తు పక్కన నిలబడితే వాచీ ఎంత చూపిస్తోందో, నడుచుకుంటూ గ్రీన్ మధ్యకు చేరితే సున్నాకు దగ్గరగా వస్తోందో లేదో. సెట్టింగుల్లో మీటర్లు ఉన్నాయేమో చూడటం కూడా మరవద్దు, 150 మీటర్లంటే 164 గజాలు.

పోటీల్లో ఆడాలనుకునేవాళ్లకు ఇంకో మాట. 2006 నుంచి స్థానిక నిబంధన ఉన్నచోట మాత్రమే చెల్లిన ఈ పరికరాలు 2019 జనవరి 1 నుంచి నియమావళిలోనే అనుమతి పొందాయి, నిర్వాహకులు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. 2021 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో పెద్ద ఆటగాళ్లూ వాడారు. అనుమతి దూరానికే, ఎత్తుపల్లాలు కొలవకూడదు. స్ట్రోక్ ప్లేలో మొదటి తప్పుకు రెండు స్ట్రోకుల జరిమానా, రెండోసారి పోటీ నుంచి అవుట్. పరికరం కేడీ చేతిలో ఉండి, అతను స్లోప్ మీట నొక్కినా జరిమానా పడేది ఆటగాడికే. అందుకే ఆ సదుపాయం ఆపేశారో లేదో పైనుంచే తెలిసేలా బయట స్విచ్చి ఉన్న మోడల్ తీసుకోవడం మంచిది.