రెండు పెళుసు పుట్టగొడుగులు

తొలకరి వానలకు మన సాల వృక్షముల అడవులలో రుస్సులా జాతి పుట్టగొడుగులు మొలచును. వీని కాడ సుద్దముక్కవలె పుటుక్కున విఱుగును. గొడుగు క్రింది రేకులు సాధారణముగా పెళుసుగా నుండును. వీనిలో కొన్నిటిని ప్రజలు ఏరి వండుకొందురు. అయితే ఒకే జాతిలో ఆహారమును, విషమును ప్రక్కప్రక్కనే యుండవచ్చును.

రుస్సులా నైగ్రికాన్స్ అను రకమును కోసినచో లోపలి కండ మొదట ఎఱ్ఱబడి, పిదప నల్లబడును. దీనిని కొన్ని దేశములలో తిందురు. దాని దగ్గరి చుట్టమగు రుస్సులా సబ్‌నైగ్రికాన్స్ కండయు ఎఱ్ఱబడును గాని నల్లబడదు. జపాను, చైనా, తైవానులలో ఈ రెండవ దానిని తిని పలువురు మరణించిరి. ఇందలి విషమును జపాను శాస్త్రజ్ఞులు 2009లో గుర్తించిరి. అది కండరములను శిథిలపఱచి, మూత్రపిండములను చెఱచును.

రంగు మాఱుటకు కొంత వ్యవధి పట్టును. కావున ఈ ఒక్క గుర్తును నమ్మి తినరాదు. పురుగులు తిన్నవనియు, వెండి చెంచా నల్లబడలేదనియు ధైర్యపడరాదు. ఉడికించినంత మాత్రమున విషము పోవునని తలంపరాదు.

తిన్న పిమ్మట వాంతులు, కండరముల నొప్పి, ముదురు రంగు మూత్రము కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. మిగిలిన పుట్టగొడుగును వెంట తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను. తెలియని దానిని తినకుండుటయే ఉత్తమ రక్షణ.