కొలిమి ఊళ్లో కుంపటి వెతుకులాట

ఇనుమును కరిగించే భిలాయ్‌లో జనవరి రాత్రి రేకుల గది మాత్రం వణికిస్తుంది. తక్కువ ఖర్చుతో, పొగ లేకుండా దాన్ని వెచ్చగా ఉంచడమెలా?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి జాలువారే ద్రవ ఇనుము వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. ప్రహరీకి ఇవతల మాత్రం డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాదరసం 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. రెండో షిఫ్టు ముగించుకుని సైకిలెక్కే కార్మికుడికి లోపల చెమటలు, బయట వణుకు.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో తొలి ఫర్నేస్ వెలిగాక ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ ఊరికి చేరాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సెక్టార్ క్వార్టర్ల గోడలే వారిని కాచాయి. అసలు చలి మొదలయ్యేది రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాకే. సుపేలాలోనో, ఖుర్సీపార్‌లోనో, రిసాలీలోనో చిన్న స్థలం కొని కింద రెండు గదులు కట్టేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. పిల్లల కోసం మేడ మీద వేసే గదికి రేకులే గతి.

రేకుకు మందం లేదు, ఓపికా లేదు. పగలు ఎండకు ఎంత త్వరగా కాలుతుందో, రాత్రి అంత త్వరగా చల్లారుతుంది. మబ్బు లేని రాత్రి తన వేడిని ఆకాశానికి వదిలేసి బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. అలాంటి గదిలో ఎంత మంట పెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

అయినా అందరికీ ముందు గుర్తొచ్చేది మంటే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మట్టితో చేసిన గోర్సీ ఉంటుంది. మన కుంపటికి చుట్టమే. టౌన్‌లో బొగ్గు సిగడీ దొరుకుతుంది. దీనికంటే చవకైనది లేదు, ఇంతకంటే ప్రమాదకరమైనదీ లేదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గు రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాడు లేవడు. ఉత్తరాదిన చలికాలం వచ్చిందంటే ఇలాంటి మరణాల వార్తలు తప్పడం లేదు. గోర్సీ వాకిట్లో నలుగురూ చుట్టూ కూర్చోవడానికే తప్ప పడకగదికి పనికిరాదు.

ఇక కరెంటు. 1,500 వాట్ల రాడ్ హీటర్ రోజుకు నాలుగు గంటలు వెలిగితే 6 యూనిట్లు, నెలకు 180. ఇంట్లో పొగ ఉండదు నిజమే, కానీ ఆ పొగ వేరే ఊరికి బదిలీ అవుతుంది. ఛత్తీస్‌గఢ్ కరెంటులో అత్యధికం బొగ్గుదే. బొగ్గుతో తీసే ఒక్కో యూనిట్‌కూ సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. వేడి గాలి కూడా ఇచ్చే 'హాట్ అండ్ కోల్డ్' ఏసీ అయితే వేడిని పుట్టించదు, బయటి గాలిలోంచి లాగి లోపలికి తోస్తుంది. అందుకే అంతే వెచ్చదనానికి దాదాపు మూడో వంతు కరెంటు చాలు. అయితే రెండు నెలల చలి కోసమే దాన్ని కొనడం దండగ. వేసవికి ఎలాగూ ఏసీ కొనాలనుకునే ఇల్లు ఈ రకం ఎంచుకుంటే అర్థముంది.

మరి మేడ మీది రేకుల గదికి? హీటర్ కొట్టుకు వెళ్లే ముందు పైకప్పు చూడాలి. రేకు కింద జానెడు సందు వదిలి ఫాల్స్ సీలింగ్ వేస్తే, ఆ పైన నిలిచిన గాలే దుప్పటిలా పనిచేస్తుంది. వెదురు తడిక, జిప్సం బోర్డు, ఏదైనా ఫర్వాలేదు. థర్మోకోల్ చవకే కానీ త్వరగా అంటుకుంటుంది. పాత సిమెంటు రేకులైతే ఇంకో జాగ్రత్త. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి కోయకూడదు, డ్రిల్ చేయకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. సీలింగ్ ఫ్రేమును గోడలకే బిగించుకోవాలి.

రెండోది పైసా ఖర్చులేని ఎండ. భిలాయ్ 21 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 45 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. జూన్‌లో నడినెత్తికెక్కి కాస్త ఉత్తరానికి కూడా వాలుతాడు. అంటే దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జా ఉంటే చలికాలంలో ఎండ గదిలోకి వస్తుంది, వేసవిలో గడప దాటదు. పగలు ఆ ఎండ తగిలిన ఇటుక గోడ కొన్ని గంటలపాటు వేడిని దాచి, చీకటి పడ్డాక విడుస్తుంది. దక్షిణ దిక్కున కిటికీ వద్దనే వాస్తు నమ్మకమే ఇక్కడ అడ్డు. చలికి మాత్రం ఆ పట్టింపు లేదు.

మూడోది నీళ్లు. 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్‌పైనే కావాలి. నలుగురు స్నానం చేస్తే రెండు యూనిట్లు దాటుతాయి. 100 లీటర్ల సోలార్ హీటర్ ఈ పనిని ఎండతో చేసిపెడుతుంది. దక్షిణానికి తిప్పి, 35 డిగ్రీల వాలు ఇస్తే చలికాలపు ఎండ బాగా పడుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే లోపల పొలుసు కడుతుంది కాబట్టి ఏటా శుభ్రం చేయించక తప్పదు.

ఇన్ని తిప్పలు లేకుండా ప్లాంటు వేడినే ఇళ్లకు పంపొచ్చు కదా? స్వీడన్‌లోని లూలియో నగరం అదే చేసింది. అక్కడ ఉక్కు కర్మాగారం గ్యాసును మండించి పైపుల్లో ఊరికి వేడి నీళ్లు పంపారు. కానీ అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు చలే. రెండు నెలల చలికి ఊరంతా పైపులు వేస్తే ఆ పెట్టుబడి తిరిగి రాదు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊరు ఇది.

అందుకే సీలింగ్ వేయించేవారు మేస్త్రీకి ఒక మాట ముందే చెప్పుకోవాలి. రేకుకూ సీలింగ్‌కూ మధ్య సందులో రెండు చివరలా మూసి తెరిచే చిన్న తలుపులు పెట్టించాలి. దీపావళి వెళ్లాక మూస్తే వెచ్చదనం నిలుస్తుంది, హోలీ నాటికి తెరిస్తే రేకుల వేడి గాలి బయటికి పోతుంది.